పాఠం ఎలా ఉందో పిల్లలనే అడగండి
కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,
కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, వరంగల్.



నేను జహీరాబాద్‌లో చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఎంబీబీఎస్ డాక్టరును. ఏ మెడికల్ కాలేజీలోనూ ఉద్యోగం చేయలేదు, పాఠం చెప్పలేదు. అయినా బోధన గురించి మీకు ఉత్తరం రాస్తున్నానంటే కారణం మా ప్రాంతం పిల్లలు. జహీరాబాద్, కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ వైపు నుంచి వెళ్లి ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్లు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నా క్లినిక్‌కి వచ్చి కూర్చుంటారు. ఓపీ గమనిస్తారు, బీపీ చూస్తారు, జనం పలచబడ్డాక మాట్లాడతారు. వీళ్లలో ప్రభుత్వ కాలేజీల వాళ్లున్నారు, ప్రైవేటు కాలేజీల వాళ్లున్నారు, సరిహద్దు దాటి కర్ణాటకలో చదివేవాళ్లూ ఉన్నారు. కాలేజీలు వేరైనా మాటలు మాత్రం దాదాపు ఒక్కటే. ఏ క్లాసు వంటబట్టిందో, ఏ క్లాసు వృథా అయిందో, ఎందుకలా అయిందో ఉదాహరణలతో సహా చెప్పగలరు. ఈ సంగతులు మీ కాలేజీలో ఎవరికైనా చెప్పారా అంటే, ఎవరూ అడగలేదంటారు.

అడగాలి. అడిగేది కాలేజీ కాకుండా విశ్వవిద్యాలయమే కావాలి. ఈ ఉత్తరం రాయడంలో నా ఉద్దేశం అదే. తప్పుపడుతూ ఏ కాలేజీ పేరూ ఇందులో రాయడం లేదు. ఒక్కరిని వేలెత్తి చూపిస్తే మిగతావాళ్లు ఇది మా సంగతి కాదనుకుంటారు. ఇది అందరి సంగతీ.

2019లో చేరిన బ్యాచ్ నుంచి దేశమంతటా ఎంబీబీఎస్ చదువు తీరు మారింది. పిల్లలు సీబీఎంఈ అంటారు. విద్యార్థికి ఏం తెలుసు అన్నదానికన్నా ఏం చేయగలడు అన్నదాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి. కాగితం మీద అది మంచి మార్పు, అందులో నాకు సందేహం లేదు. ఉపన్యాసాలు మొత్తం బోధనలో మూడో వంతు దాటకూడదన్నారు. మిగతా రెండు వంతులూ చర్చలు, ప్రాక్టికల్సు, రోగి దగ్గర పాఠాలు ఉండాలన్నారు. మొదటి ఏడాది నుంచే ఆసుపత్రి చూపించాలన్నారు. మా చదువప్పుడు అనాటమీ, ఫిజియాలజీ గట్టెక్కేదాకా వార్డు గడప తొక్కే పని లేదు. రోగితో ఎలా మెలగాలో, ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఏట్‌కామ్ పేరుతో విడిగా గంటలు కేటాయించారు. ప్రతి నైపుణ్యానికీ మెట్లు పెట్టారు: విషయం తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపించడం, చివరికి సొంతంగా చేయడం. అమెరికన్ వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్ నుంచి వచ్చిన మెట్లివి.

నియమాలు ఇంత బాగున్నాయి కాబట్టే, తరగతి గదిలో అవి ఏమవుతున్నాయో పిల్లలు చెబుతుంటే బాధేస్తుంది.

మొదట వచ్చే మాట పీపీటీ. లైట్లు ఆర్పుతారు, తెర మీద అక్షరాలు కిక్కిరిసిన స్లయిడు వస్తుంది, సారు దాన్ని చదువుతారు, తర్వాతి స్లయిడుకి వెళతారు. పిల్లలు ఫోన్లతో ఫొటోలు తీసుకుంటారు. సాయంత్రం హాస్టల్లో అదే పాఠాన్ని ఆన్‌లైన్ వీడియోలో, వేగం పెంచుకుని వింటారు. దీన్ని బద్ధకం అని కొట్టిపారేయడం తేలిక. కానీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి చెప్పిన కారణం వినండి. చదివి వినిపించడమే అయితే ఆ పని వీడియో బాగానే చేస్తుంది, ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. వీడియో చేయలేనిది ఏదో సారు చేయాలి కదా అంది. బోధన గురించి ఇంతకన్నా సూటి మాట నేను వినలేదు.

వీడియో చేయలేనిది చేసే గురువులు లేకపోలేదు. పిల్లలు వాళ్ల గురించి చెప్పేటప్పుడు ముఖాలే మారిపోతాయి. ఒక ఫార్మకాలజీ మేడం క్లాసుకి మందుల చీటీతో వస్తారట. రోగి పేరు, డాక్టరు పేరు కొట్టేసిన నిజమైన చీటీ. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దావిడకు రాసిన మందులు. బీపీకి రామిప్రిల్, కాళ్ల వాపుకి నీరు పోయే మాత్ర, మోకాళ్లకు డైక్లోఫెనాక్. ఇందులో తప్పెక్కడుందో చెప్పమని అడిగి ఊరుకుంటారట. క్లాసంతా తర్జనభర్జన పడ్డాక, విడివిడిగా చూస్తే అన్నీ సరైన మందులేననీ, మూడూ ఒకే మనిషి కడుపులోకి పోతే కిడ్నీకి ముప్పనీ పిల్లలే తేల్చుకుంటారు. అలాంటి చీటీలు జహీరాబాద్‌లో నేను రోజూ చూస్తాను. మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్న నొప్పి మాత్రలు చీటీలో కూడా ఉండవు, సంచిలో ఉంటాయి. ఆ క్లాసులో కూర్చున్న పిల్లవాడు రేపు మా ఊరికొస్తే ముందు ఆ సంచి విప్పించి చూస్తాడు. ఆ క్లాసుకి లైట్లు ఆర్పక్కర్లేదు, కొత్త పరికరాలేవీ కొననక్కర్లేదు.

లాగ్‌బుక్ గురించి ఎక్కువ రాయను. విద్యార్థి ఏ నైపుణ్యం ఎప్పుడు చేశాడో, ఎవరు చూశారో నమోదు కావలసిన పుస్తకం అది. టర్మ్ ఆఖరికి డిపార్ట్‌మెంట్ గది ముందు వరస కట్టి, ఒకేసారి సంతకాలు పెట్టించుకునే పుస్తకంగా మారిన చోట్లున్నాయి. ఏట్‌కామ్ గంటలదీ అదే దారి. క్యాన్సర్ అని తేలిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి అన్న పాఠాన్ని నూటయాభై మంది ఉన్న హాల్లో ఉపన్యాసంగా చెబితే, ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండానే ఆ గంట అయిపోతుంది.

అందరూ ఎక్కువసేపు మాట్లాడేది వార్డు గురించి. నేనూ ఎక్కువగా చెప్పదలచుకున్నది దాని గురించే.

మైట్రల్ స్టెనోసిస్ ఉన్న గుండెను వినడం తీసుకోండి. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వదిలిపెట్టిన జబ్బు, పేదవాళ్ల గుండె జబ్బు. రోగిని ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమనాలి. స్టెతస్కోపు గంట వైపు తిప్పి, గుండె కొన దగ్గర తేలిగ్గా ఆనించాలి. ఊపిరి వదిలి బిగబట్టమనాలి. అప్పుడు సన్నగా, లోతుగా ఒక గురగుర వినిపిస్తుంది. గంటను కాస్త గట్టిగా నొక్కితే చాలు, ఆ శబ్దం మాయమైపోతుంది. ఎంత తేలిగ్గా ఆనించాలో ఏ పుస్తకమూ చెప్పలేదు, ఏ తెరా చూపించలేదు. గురువు పిల్లవాడి చేతి మీద తన చేయి వేసి, ఆ బరువు తగ్గించి, ఇప్పుడు విను అనాలి. ఒక్కసారి విన్న చెవి ఇక మర్చిపోదు. ఆ జబ్బు ఉన్నట్టు తెలియని గర్భిణి కాన్పుకి వచ్చినప్పుడు ఆ చెవే ఆమె ప్రాణం కాపాడుతుంది.

ఇప్పుడు ఆ మంచం చుట్టూ ఇరవై మందిని ఊహించుకోండి. ముందు వరసలో నలుగురు వింటారు. వెనక ఉన్నవాళ్లకు ముందువాళ్ల తెల్లకోట్లు కనిపిస్తాయి. పదో స్టెతస్కోపు వచ్చేసరికి రోగి విసిగిపోతాడు, విసిగిపోవడం ఆయన హక్కు. వెనక నిలబడ్డవాళ్లు సాయంత్రం ఆ శబ్దాన్ని యూట్యూబులో వింటారు. లాగ్‌బుక్‌లో మాత్రం అందరికీ సంతకం పడుతుంది.

వార్డు పోస్టింగ్‌లో ఎంతమంది ఉండాలి, ఒక్కో విద్యార్థి ఒక్కడే రోగితో ఎంతసేపు గడపాలి అన్నది పిల్లలను అడిగితే ఖచ్చితంగా చెబుతారు. చిన్న గుంపులో, ఒకే రోగిని చేరిన రోజు నుంచి ఇంటికి పంపేదాకా వెంబడించిన పోస్టింగే తమకు చదువంతటిలో గుర్తుండిపోయిందని చెప్పినవాళ్లు నాకు చాలామంది తారసపడ్డారు. సర్ విలియం ఆస్లర్ వందేళ్ల కంటే ముందే జాన్స్ హాప్కిన్స్‌లో చేసింది ఇదే, పిల్లలను హాల్లోంచి వార్డులోకి తీసుకుపోయాడు. సీబీఎంఈ కోరేదీ ఇదే.

రోగి మాట వినడమూ అక్కడే రావాలి. మా దగ్గర ఒక ఊళ్లో తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ అన్నీ వినిపిస్తాయి. ఒక పెద్దావిడ వచ్చి, "నడిస్తె దమ్మొస్తది సారు, రాత్రి రెండు మెత్తలు పెట్టుకుంటె గాని పండనీకి రాదు" అంటుంది. గుండె నీరసించిందన్న రోగనిర్ధారణలో సగం ఆ ఒక్క వాక్యంలో ఉంది. నా దగ్గర కూర్చున్న మూడో సంవత్సరం కుర్రాడు అది విననే లేదు. వరసగా అడగవలసిన ప్రశ్నల జాబితా తలలో పెట్టుకుని, ఆమె ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాడు. తెలివైనవాడు, ర్యాంకు మంచిది. అతడు రోగి దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే పక్కన నిలబడి చూసి, నువ్వు ఆమె మాటకు అడ్డొచ్చావు అని చెప్పిన గురువు అప్పటిదాకా అతడికి ఎవరూ దొరకలేదట. మీ విశ్వవిద్యాలయం ప్రజల యాసలో రాసి, ప్రజల యాసకు గౌరవం తెచ్చిన కాళోజీ పేరు పెట్టుకుంది. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పేరుతో పట్టా పుచ్చుకునే డాక్టరుకి న్యాల్‌కల్ అవ్వ మాట అర్థం కావాలని కోరడం ఎక్కువేమీ కాదు.

పిల్లలు బాధతో చెప్పే ఇంకో మాట ఉంది. తప్పు చెబితే తిట్టండి, రోగి ముందు మాత్రం వద్దంటారు. కఠినంగా ఉండే గురువు మీద వాళ్లకు కోపం లేదు. జవాబు రాకపోతే సాయంత్రందాకా నిలబెట్టి మళ్లీ అడిగిన సర్జన్ గురించి ఆరాధనగా చెబుతారు. కానీ అందరి ముందూ కులమో, ఊరో, చదివిన మీడియమో ఎత్తి పొడిచిన మాట మాత్రం ఏళ్లు గడిచినా లోపల అలాగే ఉండిపోతుంది. ఆ రోజు తర్వాత ఆ పిల్ల ఆ యూనిట్లో ప్రశ్న అడగదు. ప్రశ్న అడగడం భయపడి మానేసిన విద్యార్థి రేపు డాక్టరయ్యాక సీనియర్‌కి ఫోన్ చేసి సలహా అడగడానికీ వెనకాడుతుంది. దాని ఫలితం అనుభవించేది రోగి.

ఇవన్నీ కాలేజీలోనే ఎందుకు చెప్పరని మీరు అడగవచ్చు. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల గురించి వాళ్లకే చెప్పమంటే ఎవరు చెబుతారు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి మనందరికీ తెలుసు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం వచ్చింది. పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకి ఎంబీబీఎస్ దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. తర్వాత అమెరికా వెళ్లి, బోదకాలుకు మందు దగ్గర నుంచి ఆరియోమైసిన్ దాకా ఎన్ని మందుల వెనక ఆయన నిలిచారో చెప్పనక్కర్లేదు. ఆయన అంతటి మనిషి కాబట్టి ఆ కథ మనదాకా వచ్చింది. గురువు అలక వల్ల దెబ్బతిని, అక్కడే ఆగిపోయిన మామూలు విద్యార్థుల కథలు రావు. అందుకే పిల్లలు నోరు మెదపరు, వాళ్లది పిరికితనం కాదు.

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. పిల్లల తప్పూ ఉంది. నీట్ పీజీ ప్రశ్నల బ్యాంకు ముందేసుకుని వార్డు ఎగ్గొట్టేవాళ్లను నేను చూశాను, వాళ్లతో వాదించాను. పీజీ సీటు కోసం నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే నేర్పు కావాలి, అది వార్డులో దొరకదు అంటారు. వాళ్ల లెక్క తప్పు కాదు, వాళ్ల ముందు మనం పెట్టిన పరీక్ష అలాంటిది. అధ్యాపకుల ఇబ్బందులు అంతకన్నా పెద్దవి. రాష్ట్రం ఏర్పడినప్పుడు అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలలుండేవి. 2022 నవంబర్ 15న ఒక్కరోజే మా జిల్లా సంగారెడ్డితో కలిపి ఎనిమిది కాలేజీలు మొదలయ్యాయి. ఆ తర్వాతి రెండేళ్లలో మరిన్ని వచ్చి, ఇప్పుడు జిల్లాకొక్క కాలేజీ కనిపిస్తోంది. ఇందుకు నాకు సంతోషమే. మా ప్రాంతం పిల్లలకు జిల్లాలోనే 150 సీట్లున్న కాలేజీ ఉండడం చిన్న విషయం కాదు. కానీ భవనం కట్టినంత త్వరగా ప్రొఫెసర్ తయారు కాడు. అధ్యాపకుల కొరత గురించి 2025లో జాతీయ వైద్య కమిషన్ మన ప్రభుత్వ కాలేజీలు చాలావాటికి నోటీసులిచ్చింది. ఓపీ చూస్తూ, ఆపరేషన్లు చేస్తూ, బదిలీల మధ్య పాఠం కూడా చెప్పవలసిన మనిషి పాత స్లయిడు తీసి చదివేస్తే తప్పంతా ఆయన మీదే వేయలేం.

అయినా అడగాలి. కొరత ఉన్న చోట ఇంకా అడగాలి, ఉన్న కాసేపు గురువు సమయం ఎక్కడ పెడితే విద్యార్థికి ఎక్కువ మేలో తేల్చుకోవాలి కాబట్టి.

బాధితులను అడిగి తీర్పు చెప్పించిన చరిత్ర మా ప్రాంతానికి ఉంది. 2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గర అల్గోల్ గ్రామంలో 'ప్రజాతీర్పు' జరిగింది. విజన్ 2020 ప్రణాళికలో వ్యవసాయం ఎలా ఉండాలని అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటోందో అధికారులూ నిపుణులూ వచ్చి చెప్పారు. న్యాయనిర్ణేతల స్థానంలో కూర్చున్నది చిన్న, సన్నకారు రైతులు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లు విన్నారు, ఎదురు ప్రశ్నలు వేశారు, తమకేం కావాలో ఏం వద్దో స్పష్టంగా తీర్పు చెప్పారు. ఆ తీర్పు గురించి విదేశాల్లో కూడా చర్చ జరిగింది. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైతే దాన్ని నడిపిందీ ఆ చుట్టుపక్కల దళిత మహిళలే. పెద్దగా చదువుకోనివాళ్లు విధానాల మీద అంత తేటగా మాట్లాడగలిగినప్పుడు, నీట్ రాసి వచ్చిన పిల్లలు తమ పాఠాల మీద మాట్లాడలేరా?

ఎలా అడగాలో కూడా నాకు తోచింది చెబుతాను. ప్రతి సంవత్సరం పరీక్షలై, ఇంటర్నల్ మార్కులు మీకు చేరిపోయిన తర్వాత వరంగల్ నుంచే నేరుగా విద్యార్థి ఫోనుకి ప్రశ్నలు వెళ్లాలి. పేరు, రోల్ నంబరు ఉండకూడదు. బోధన బాగుందా అని ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయించుకోవడం వల్ల ఏమీ తెలియదు. ఈ ఏడాది రోగి దగ్గర ఒంటరిగా ఎంతసేపు గడిపారు, మీరు రోగిని పరీక్షిస్తుంటే గురువు ఎన్నిసార్లు చూశారు, లాగ్‌బుక్‌లో సంతకం ఉండీ చేతికి రాని పని ఏది, ఏ పాఠం మీకు గుర్తుండిపోయింది, ఎందుకు — ఇవి అడగండి. చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. దానికొచ్చే జవాబుల్లో మందుల చీటీ మేడం లాంటివాళ్లు బయటపడతారు. వాళ్లను మిగతా కాలేజీలకు పంపి, తోటి అధ్యాపకులకు చూపించమనండి. మందలింపు కోసమే కాకుండా మెచ్చుకోలు కోసం కూడా ఈ జవాబులు పనికొస్తాయి. కాలేజీవారీగా సారాంశం మీ వెబ్‌సైటులో పెట్టండి, దాని పక్కనే ఆ కాలేజీ ఏం మారుస్తుందో రాయించండి.

పాఠ్యక్రమం ఢిల్లీలో తయారవుతుంది, అధ్యాపకుల నియామకం ప్రభుత్వం చేస్తుంది, మా చేతిలో ఏముంది అని మీరు అనవచ్చు. పరీక్ష మీ చేతిలో ఉంది. పరీక్షలో ఏది అడిగితే వార్డులో అదే నేర్పుతారు, అదే నేర్చుకుంటారు. స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ 1975లో పెట్టిన ఆస్కీ పరీక్ష ఇందుకు పనికొస్తుంది. అందులో విద్యార్థి ఒక్కో బల్ల దగ్గరికి వెళ్లి ఒక్కో పని చేసి చూపిస్తాడు, పరీక్షకుడు ముందే రాసిపెట్టుకున్న అంశాలతో సరిచూస్తాడు. రోగితో మాట్లాడే తీరును పరీక్షకుడు పక్కన నిలబడి చూసి మార్కులు వేసే బల్ల ఒకటి ప్రతి ఫైనల్ ప్రాక్టికల్లోనూ ఖచ్చితంగా ఉండాలని మీరు ఆదేశిస్తే, ఏట్‌కామ్ గంటలు వాటంతటవే హాల్లోంచి వార్డులోకి వెళతాయి.

ఇంకో విన్నపం మా ఊరి తరఫున. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రి జాతీయ రహదారి 65 మీద ఉన్న పట్టణంలో ఉంది. రోడ్డు ప్రమాదాలు, పాముకాట్లు, కాన్పులు, ముదిరిన షుగరు పుండ్లు, చెరకు కోతల్లో కోసుకున్న చేతులు, ఒక డాక్టరు జీవితంలో చూడవలసినవన్నీ ఈ ప్రాంతంలో కనిపిస్తాయి. సంగారెడ్డి కాలేజీ నుంచి నలుగురైదుగురు చొప్పున పిల్లలను ఇక్కడికి పోస్టింగ్ మీద పంపే ఏర్పాటు చేయమని ప్రభుత్వానికి మీరు సిఫారసు చేయండి. మంచం చుట్టూ ఇరవై మంది తోసుకోనక్కర్లేదు. ఇక్కడి ఆసుపత్రి డాక్టర్లలో నేర్పగలిగినవాళ్లున్నారు. మాలాంటి ప్రైవేటు డాక్టర్లం కూడా వారానికొక పూట ఉచితంగా పాఠం చెప్పడానికి సిద్ధం.

ఈ విద్యా సంవత్సరం పరీక్షలు పూర్తయ్యేలోగా ఆ ప్రశ్నలు తయారు చేయించండి. తయారు చేసే కమిటీలో ఇద్దరు విద్యార్థులనూ ఒక హౌస్ సర్జన్‌నూ కూర్చోబెట్టండి. వచ్చిన జవాబులు ఎంత చేదుగా ఉన్నా దాచకుండా ప్రచురించండి.

ఇట్లు,
ఒక వైద్యుడు,
జహీరాబాద్, సంగారెడ్డి జిల్లా.